"డియర్ క్యాండిడేట్" మెయిళ్లు: ఒమన్‌లో ఉద్యోగం వెతికేవారికి అసలు నష్టం ఎక్కడ?

"డియర్ క్యాండిడేట్, ఒమన్‌లోని ప్రముఖ కంపెనీకి అర్జెంటుగా మనుషులు కావలెను. వెల్డర్లు, అకౌంటెంట్లు, హెవీ డ్రైవర్లు, స్టాఫ్ నర్సులు, సేఫ్టీ ఆఫీసర్లు. భోజనం, వసతి కంపెనీదే. రెజ్యూమే, పాస్‌పోర్ట్ కాపీ, ఫొటో వెంటనే పంపండి."

ఈ తరహా మెయిల్ అందుకోని గల్ఫ్ తెలుగువారు అరుదు. అందులో కంపెనీ పేరు ఉండదు, జీతం ఉండదు. పని మస్కట్‌లోనో, సోహార్‌లోనో, దుక్మ్‌లోనో తెలియదు. పదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్న మనిషికి క్రేన్ ఆపరేటర్ ఉద్యోగం గురించి వస్తుంది. ఎందుకైనా మంచిదని రెజ్యూమే పంపితే జవాబు రాదు. ఫోన్ చేస్తే "మేనేజర్ చూస్తున్నారు" అంటారు. రెండు వారాల తర్వాత అదే ఏజెన్సీ నుంచి అదే మెయిల్ మళ్లీ వస్తుంది, ఈ మనిషి ఎవరో తెలియనట్టే.

చాలామంది దీన్ని చిన్న చికాకుగానే చూస్తారు. నచ్చకపోతే డిలీట్ చేస్తే సరిపోతుంది కదా అంటారు. కానీ ఈ అలవాటు వల్ల జరుగుతున్న నష్టం చికాకుతో ఆగడం లేదు. నిజమైన రిక్రూటర్లు ఇంత నిర్లక్ష్యంగా రాయడం వల్ల, మోసగాడు రాసే మెయిల్‌కూ అసలైన మెయిల్‌కూ తేడా లేకుండా పోయింది. మోసగాళ్లకు కావలసిన ముసుగును నిజాయితీగా వ్యాపారం చేసుకునే ఏజెన్సీలే కుట్టి ఇస్తున్నాయి.

పంపేవాడికి ఖర్చు లేదు

రిక్రూటర్ ఎందుకిలా చేస్తాడో ముందు చూద్దాం. ఒక కంపెనీ తన ఖాళీని ఒక్క ఏజెన్సీకే ఇవ్వదు. నాలుగైదింటికి ఒకేసారి చెబుతుంది. మనిషి చేరితేనే ఏజెన్సీకి డబ్బు వస్తుంది. కాబట్టి సరైన అభ్యర్థిని వెతకడం కన్నా, అందరికన్నా ముందు పది రెజ్యూమేలు పంపడమే లాభం. వెయ్యి మందికి మెయిల్ కొట్టినా ఖర్చు సున్నా. చదివి, ఆశపడి, రెజ్యూమే సరిచేసి, సర్టిఫికెట్లు స్కాన్ చేసి పంపే ఖర్చంతా అవతలివారిదే.

పైగా కొన్నిసార్లు అక్కడ ఉద్యోగమే ఉండదు. కాంట్రాక్టు కోసం టెండర్ వేసే కంపెనీ, తన దగ్గర ఇంతమంది నిపుణులు సిద్ధంగా ఉన్నారని చూపించడానికి రెజ్యూమేలు సేకరిస్తుంది. టెండర్ దక్కితే పిలుపు వస్తుంది, లేకపోతే లేదు. ఆ ముక్క అభ్యర్థికి ఎవరూ చెప్పరు. రిఫైనరీల షట్‌డౌన్ పనులకు వెళ్లే విశాఖ, శ్రీకాకుళం ఫిట్టర్లకు, వెల్డర్లకు ఈ ఎదురుచూపు బాగా అలవాటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనకు తెలియకుండానే మన రెజ్యూమే మూడు ఏజెన్సీల ద్వారా ఒకే కంపెనీకి చేరుతుంది. కమీషన్ ఎవరికి ఇవ్వాలన్న తగాదా ఎందుకని, ఆ పేరునే పక్కన పెట్టే హెచ్ఆర్ విభాగాలు ఉన్నాయి. అభ్యర్థి చేసిన తప్పు ఏమీ లేదు, అయినా అవకాశం పోయింది.

న్యాయంగా చెప్పాలంటే మనవాళ్ల తప్పూ కొంత ఉంది. ఒకే రెజ్యూమేను, ప్రకటన చదవకుండా, దొరికిన ప్రతి చిరునామాకూ పంపేవాళ్లు తక్కువేమీ కాదు. ఒక్క పోస్టుకు వందల దరఖాస్తులు వచ్చిపడితే అందరికీ జవాబివ్వడం కష్టమే. అయితే వెయ్యి మందికి ఒకేసారి పిలుపు పంపగలిగినవారు, "ఈ పోస్టు భర్తీ అయింది" అన్న ఒక్క వాక్యాన్ని అదే పద్ధతిలో పంపలేరా?

ఒమన్‌లో ఆలస్యం ఖరీదు ఎక్కువ

హైదరాబాద్‌లో ఉద్యోగం వెతికేవాడికి నెల ఆలస్యమైతే నెల జీతం పోతుంది. మస్కట్‌లో వెతికేవాడికి వీసా గడువు కూడా ఉంటుంది. రెసిడెంట్ కార్డు యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, కాంట్రాక్టు ముగిసేలోపు కొత్త యజమాని దొరకాలి. లేకపోతే ఇల్లు ఖాళీ చేసి, పిల్లల్ని స్కూలు మాన్పించి తిరుగు ప్రయాణం కట్టాలి.

2020 చివరి వరకు పరిస్థితి ఇంకా కఠినం. పాత యజమాని ఎన్ఓసీ ఇవ్వకపోతే, దేశం విడిచి వెళ్లినవారు రెండేళ్ల దాకా మరో ఉద్యోగానికి తిరిగి రాలేకపోయేవారు. 2021 జనవరి 1 నుంచి ఆ నిబంధన తొలగింది. కాంట్రాక్టు పూర్తయినవారు ఎన్ఓసీ లేకుండానే మారవచ్చు. ఇది మంచి మార్పే. కానీ ఈ స్వేచ్ఛ పనికి రావాలంటే ఆ కొద్ది వారాల్లో వచ్చే పిలుపుల్లో ఏది నిజమో తెలియాలి. అచ్చం ఆ సమయంలోనే మనిషి పేరు లేని మెయిళ్ల వెనక పరుగెడతాడు.

ఒమనైజేషన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2018 జనవరిలో ఒమన్ ప్రభుత్వం 87 వృత్తులకు విదేశీయుల కొత్త వీసాలను ఆరు నెలలపాటు నిలిపివేసింది, తర్వాత గడువు పొడిగించింది. ఐటీ, అకౌంటింగ్, మార్కెటింగ్, హెచ్ఆర్, ఇంజనీరింగ్ పనులు అందులో ఉన్నాయి. 2024 సెప్టెంబర్ 1 నుంచి మరో 13 వృత్తులకు ఆరు నెలల నిలుపుదల వచ్చింది. తాపీ మేస్త్రీలు, స్టీల్ ఫిక్సర్లు, పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు, టైలర్లు, వంటవాళ్లు, వెయిటర్లు, క్షురకులు, అంటే మన పల్లెల నుంచి వెళ్లేవాళ్లు చేసే పనులే. ఇలాంటి ఆంక్షలు వస్తూ పోతూ ఉంటాయి. వాటిని రోజూ గమనించి, "ఈ వృత్తికి ఇప్పుడు కొత్త వీసా వస్తుందా, లోకల్ ట్రాన్స్‌ఫర్ మాత్రమేనా?" అని చెప్పడమే రిక్రూటర్ వృత్తి నైపుణ్యం. ఆ ఒక్క ముక్క లేకుండా పంపిన మెయిల్ సమాచారం కిందకు రాదు.

నిర్లక్ష్యం ఎక్కడ ఆగి మోసం ఎక్కడ మొదలవుతుంది?

కంపెనీ పేరు చెప్పకపోవడం, ఉచిత ఖాతా నుంచి రాయడం, ఇంటర్వ్యూ కాకముందే పాస్‌పోర్ట్ కాపీ అడగడం, తొందరపెట్టడం. ఈ నాలుగూ మోసగాడి లక్షణాలని అధికారులు ఏళ్లుగా చెబుతున్నారు. దురదృష్టం ఏమిటంటే లైసెన్స్ ఉన్న ఏజెన్సీలు కూడా ఈ నాలుగూ చేస్తున్నాయి. పోటీ ఏజెన్సీ ఎగరేసుకుపోతుందని కంపెనీ పేరు దాస్తాయి. ఇలాంటి మెయిళ్లకే అలవాటుపడిన మనిషి అయిదో లక్షణం దగ్గరకు, అంటే డబ్బు అడిగే దగ్గరకు వచ్చేసరికి అప్రమత్తత కోల్పోయి ఉంటాడు.

ఆ అయిదో అడుగు ఒమన్ విషయంలో తరచూ ఒకే మాటతో వస్తుంది: "ముందు విజిట్ వీసా మీద రండి, వచ్చాక వర్క్ వీసాకు మారుస్తాం." 2023 అక్టోబర్ 31న రాయల్ ఒమన్ పోలీస్ టూరిస్ట్, విజిట్ వీసాలను ఉద్యోగ వీసాలుగా మార్చడాన్ని అన్ని దేశాలవారికీ నిలిపివేసింది. నిబంధనలు ఎప్పుడు ఎలా ఉన్నా, విజిట్ వీసా మీద ఉద్యోగానికి పంపుతాననేవాడు భారత ప్రభుత్వ ఎమిగ్రేషన్ తనిఖీని దాటవేస్తున్నట్టే. అలా వెళ్లినవారికి కాంట్రాక్టు నమోదు ఉండదు. క్లియరెన్స్‌తో పాటు వచ్చే 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉండదు. కోనసీమ, రాయలసీమల నుంచి ఇంటిపనికి వెళ్లే మహిళలకు ఈ పిలుపు మెయిల్‌లో రాదు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వస్తుంది. అక్కడ కూడా పద్ధతి అదే, మూల్యం మాత్రం ఎక్కువ.

చదువుకున్నవాళ్లకు ఈ ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. పదో తరగతి పాసైనవారికి ఈసీఎన్ఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. ఒమన్‌తో సహా 18 దేశాలకు వెళ్లేటప్పుడు ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్నవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, వీరికి అక్కర్లేదు. అది సౌకర్యమే, కానీ కాంట్రాక్టును మూడో మనిషి చూసే దశ కూడా వారికి లేకుండా పోతుంది. ఈ సామూహిక మెయిళ్లు ఎక్కువగా వెళ్లేది వీరికే.

నర్సుల ఉదంతం గుర్తు చేసుకోవాలి. 2015లో కేరళ నుంచి కువైట్‌కు నర్సుల నియామకంలో, చట్టం అనుమతించిన దాదాపు 20 వేల రూపాయలకు బదులు ఒక్కొక్కరి దగ్గర దాదాపు 20 లక్షలు వసూలు చేశారన్న ఆరోపణపై సీబీఐ కేసు నమోదైంది. ఆ ఏడాదే కేంద్రం ఈసీఎన్ఆర్ ఉన్న నర్సులకు కూడా ఆ 18 దేశాలకు క్లియరెన్స్ తప్పనిసరి చేసింది. అంటే చదువు ఒక్కటే రక్షణ కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది.

అడగాల్సిన ప్రశ్నలు

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపకూడదు. రిజిస్టరైన ప్రతి ఏజెంటుకూ లైసెన్స్ నంబర్ ఉంటుంది. దాన్ని ఆఫీసులోనూ, సోషల్ మీడియాతో సహా ప్రకటనల్లోనూ కనబడేలా పెట్టాలని విదేశాంగ శాఖ చెబుతోంది. కాబట్టి భారత్ నుంచి వచ్చిన మెయిల్‌లో ఆ నంబర్ లేకపోతే మొదటి పరీక్షలోనే తప్పినట్టు. నంబర్ ఉంటే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవాలి, ఎందుకంటే వేరొకరి నంబర్ వాడుకునేవాళ్లూ ఉన్నారు.

డబ్బు విషయంలో హద్దు స్పష్టంగా ఉంది. ఏజెంటు సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. రశీదు ఇవ్వాలి. అంతకు మించి "వీసా ఖర్చు" అడిగితే అది చట్టవిరుద్ధం. అసలు కార్మికుడి నుంచి నియామక రుసుమే తీసుకోకూడదని, ఆ ఖర్చు యజమానిదేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2016లో ఇచ్చిన న్యాయమైన నియామక సూత్రాలు చెబుతున్నాయి.

ఒమన్ కంపెనీ ఉందో లేదో తెలుసుకోవాలంటే సీఆర్ నంబర్, అంటే కమర్షియల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగాలి. నిజమైన కంపెనీకి అది దాచుకోవాల్సిన విషయం కాదు. పాస్‌పోర్ట్ కాపీని ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే ఇవ్వాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు ఒమన్‌లో 2022లో వచ్చిన రాజ శాసనం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. భారత్ కూడా 2023లో ఇలాంటి చట్టం చేసింది. మన రెజ్యూమేలో పుట్టిన తేదీ, ఫోన్ నంబర్, ఇంటి చిరునామా అన్నీ ఉంటాయి. అది ఏజెన్సీలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే సరుకు కాదు.

సందేహం ఉంటే భారత ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090 ఉంది. తెలంగాణ వారికి టామ్‌కామ్, హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబర్‌లో మొదలైన ప్రవాసీ ప్రజావాణి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ వారికి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం ఓపెన్ హౌస్ నిర్వహిస్తుంది. మోసపోయాక వెళ్లేవాళ్లే ఎక్కువ. టికెట్ కొనకముందు వెళ్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

మన వంతు

రిక్రూటర్లను అడగాల్సింది పెద్ద సంస్కరణలేమీ కాదు. మెయిల్‌లో కంపెనీ పేరు, జీతం ఎన్ని రియాళ్లో, పని ఏ ఊళ్లోనో, వీసా ఏ రకమో, లైసెన్స్ నంబర్ ఎంతో రాస్తే చాలు. ఉద్యోగం ఖాయం కాలేదా, టెండర్ కోసం సేకరిస్తున్నారా, ఆ మాటే రాయాలి. ఇది పాటించే ఏజెన్సీలు ఉన్నాయి. వాటి మెయిళ్లు కూడా మిగతా వాటి మధ్య కొట్టుకుపోతున్నాయి కాబట్టి, ఈ పద్ధతి మారితే ముందుగా లాభపడేది అవే.

చివరగా మన వాట్సాప్ గ్రూపుల మాట. మస్కట్‌లోని ఏ తెలుగు గ్రూపు చూసినా ఈ మెయిళ్ల స్క్రీన్‌షాట్లు కనిపిస్తాయి. "ఎవరికైనా ఉపయోగపడుతుందని" పెట్టాం అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ తెలిసిన అన్న పెట్టాడన్న నమ్మకంతోనే ఊళ్లో ఉన్న తమ్ముడు డబ్బు కడతాడు. ఎవరో తెలియని రిక్రూటర్ మాటకు మన పేరు హామీగా మారుతోంది. అందుకే ఫార్వర్డ్ చేసే ముందు ఆ మెయిల్‌కు రెండు ప్రశ్నలతో మనమే జవాబు రాద్దాం: కంపెనీ పేరేమిటి, లైసెన్స్ నంబర్ ఎంత? జవాబు వస్తే గ్రూపులో పెడదాం. రాకపోతే అది మన దగ్గరే ఆగిపోనిద్దాం.