పగడం కన్నా ముందు నాచు పెంచండి

బెంగళూరు నుంచి సముద్రం ఎటు చూసినా దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. ఊరేమో తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. అయినా ఇక్కడి ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు, వాటిలో పగడాలు పెంచే సరదా ఉంది. ఆ సరదాకి కావలసిన ప్రొటీన్ స్కిమ్మర్లు, ఫాస్ఫేట్ పీల్చే గుళికలు చాలావరకు దిగుమతి సరుకే, ధరలూ అలాగే ఉంటాయి. నగర్తపేటను ఆనుకొని ఉన్న సదర్ పత్రప్ప రోడ్డులో, అందరి నోటా ఎస్.పి. రోడ్డుగా నలిగిన చోట, ఎల్‌ఈడీలు, పన్నెండు వోల్టుల అడాప్టర్లు చవగ్గా దొరుకుతాయి. పి.వి.సి. గొట్టం ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా ఉంటుంది. ఈ సామానుతో ఇంట్లోనే కట్టుకోగల ఆల్గే స్క్రబ్బర్, అంటే నాచు చేత నీటిని శుభ్రం చేయించే అమరిక, పగడాల తొట్టికి అన్నిటికన్నా ముందు సమకూర్చుకోవలసిన వస్తువని నా వాదన. డబ్బు కలిసిరావడం అందుకు ఒక కారణం మాత్రమే. అసలు కారణం నీటిలోనే ఉంది.

పగడపు దిబ్బల చుట్టూ ఉండే సముద్రపు నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు అత్యల్పం. ఇంటి తొట్టి సంగతి వేరు. రోజూ వేసే మేతలో ఉన్న నత్రజని, భాస్వరం చేపల ఒంట్లోంచి నీటిలోకి వస్తాయి. రాళ్ల మీది బ్యాక్టీరియా అమోనియాని నైట్రేటుగా మారుస్తుంది, దాంతో చేపకి ప్రాణగండం తప్పుతుంది. కానీ ఆ నైట్రేటులో ఎక్కువ భాగం తొట్టిలోనే పోగవుతుంది. ఫాస్ఫేటు ఎక్కువైతే పగడం సున్నపు అస్థిపంజరం కట్టుకోవడం మందగిస్తుంది. రాళ్ల నిండా నాచు అల్లుకొని పగడాన్ని కప్పేస్తుంది. అప్పుడు మనం నాచుని శత్రువుగా చూసి మందుల కోసం పరుగెత్తుతాం. నిజానికి ఆ నాచు తన పని తాను సరిగ్గానే చేస్తోంది, కాకపోతే చేయకూడని చోట చేస్తోంది. దానికి తొట్టి బయట ఇంకా మంచి వెలుగు, ఇంకా వేగంగా పారే నీరు చూపిస్తే అక్కడే పెరుగుతుంది. మనం గీకి పారేసిన ప్రతిసారీ మేతతో లోపలికి వెళ్లిన భాస్వరం చేతికి చిక్కి బయటికి వస్తుంది.

ఇది ఎవరో సరదాకి కనిపెట్టిన చిట్కా కాదు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త 1980లో ప్రదర్శనకు పెట్టిన పగడపు దిబ్బ నమూనా ఈ పద్ధతి మీదే నడిచింది. 1982లో ఆయనకు దీని మీద పేటెంట్ వచ్చింది. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన పెద్ద అక్వేరియం కూడా మొదట్లో నాచునే నమ్ముకుంది, తర్వాత వడపోత పద్ధతి మార్చుకుంది. విమర్శకులు ఎత్తిచూపేది ఈ మార్పునే. నాచు నీటిని పసుపు పచ్చగా మారుస్తుందనీ, దాని నుంచి కారే సేంద్రియ పదార్థాలు పగడానికి పడవనీ అంటారు. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. జాలీ మీద నాచు దట్టంగా పేరుకుంటే అడుగు పొరకి వెలుగు అందదు, అది చచ్చి కుళ్లి తాగిందంతా తిరిగి నీటిలోకే వదులుతుంది. అందుకే దీన్ని వారానికి ఒకసారి, మహా అయితే పది రోజులకి ఒకసారి తీయాలి. తీసేది తొట్టిలో కాదు, జాలీని బయటికి తెచ్చి కుళాయి కింద గీకాలి. మంచినీరు తగిలితే నాచుని తినే చిన్న పురుగులు కూడా పోతాయి. మిగిలిన పసుపు రంగుకి గుప్పెడు యాక్టివేటెడ్ కార్బన్ చాలు. గీకడానికి బద్ధకించేవారికి మాత్రం స్క్రబ్బర్ పనికిరాదు, ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

కట్టుకోవడంలో కష్టమేమీ లేదు గానీ కొలతలు తప్పకూడదు. ఎంబ్రాయిడరీకి వాడే గట్టి ప్లాస్టిక్ జాలీ ఒకటి తీసుకొని, రెండు వైపులా రంపపు పళ్లతో బాగా గరుకు చేయాలి. నున్నగా ఉంటే నాచు పట్టదు, పట్టినా బరువెక్కి ఊడిపోతుంది. పి.వి.సి. గొట్టం అడుగున మూడు మిల్లీమీటర్ల సన్నని గాడి పొడవునా కోసి, జాలీ పై అంచుని అందులో దూర్చాలి. నీరు గొట్టంలోంచి జాలీకి రెండు వైపులా పలుచని పొరలా జారుతుంది. అంగుళం వెడల్పుకి గంటకి 130 లీటర్ల నీరు పారాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. తొట్టి ఎంత పెద్దదని కాక రోజూ ఎంత మేత వేస్తున్నామని చూసి జాలీ పరిమాణం తేల్చాలి. గడ్డకట్టిన మేత క్యూబు రోజుకి ఒకటి వేస్తే, రెండు వైపులా వెలుగు పడే మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు జాలీ కావాలి. వెలుగుకి 660 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీలు మంచివి. వాటిని తొట్టి దీపాలు ఆర్పాక రాత్రంతా వెలిగిస్తే ఇంకో లాభం ఉంది, చీకట్లో నీటిలో పెరిగే కార్బన్ డయాక్సైడుని నాచు పీల్చుకొని పి.హెచ్. పడిపోకుండా కాస్తుంది. మొదటి రెండు వారాలు గోధుమరంగు జిగురే కనిపిస్తుంది. పచ్చని వెంట్రుకల నాచు ఆ తర్వాతే వస్తుంది. తోటకూర మొదళ్లు వదిలి కోసుకున్నట్టు, గీకేటప్పుడు కుదుళ్లు మిగల్చాలి.

స్కిమ్మర్ ఉండగా ఇదెందుకని అడగవచ్చు. స్కిమ్మర్ నురగతో సేంద్రియ మలినాన్ని కుళ్లకముందే తీస్తుంది, మంచిదే. కానీ అప్పటికే నీటిలో కరిగిపోయిన నైట్రేటు, ఫాస్ఫేటు దానికి చిక్కవు. ఉన్నవాళ్లు రెండూ నడుపుకోవచ్చు, ఒకటే కొనగలిగితే నా ఓటు నాచుకి. నీళ్లు మార్చుకుంటే పోదా అన్నది ఇంకో మాట. బెంగళూరులో ఆ మాట తేలిగ్గా అనకూడదు. ఇక్కడి కావేరి నీరు సుమారు వంద కిలోమీటర్ల నుంచి అయిదు వందల మీటర్ల ఎత్తుకి తోడి తెచ్చింది. 2024 మార్చిలో కార్లు కడగడానికి తాగునీరు వాడితే అయిదు వేల రూపాయల జరిమానా వేస్తామని జలమండలి ప్రకటించాల్సి వచ్చింది. మూడు వందల లీటర్ల తొట్టిలో నెలకి అయిదోవంతు మారిస్తే అరవై లీటర్లు. లీటరుకి 35 గ్రాముల లెక్కన రెండు కిలోలకు పైగా ఉప్పు, ఏడాదికి పాతిక కిలోలు కాలువలోకి వెళ్తుంది. ఆ నీటిని ఆర్.ఓ.లో తయారుచేయడానికి వదిలేసే నీరు దీనికి అదనం.

ఆ ఉప్పు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. మెజెస్టిక్ దగ్గర మొదలయ్యే కె-100 రాజకాలువ నగర్తపేట లాంటి పాత పేటల చేరువగా సాగి చివరికి బెల్లందూరు చెరువు వైపు వెళ్తుంది. ఆ చెరువు నురగ కక్కి, మంటలంటుకొని దేశమంతా వార్తయింది. ఆ నురగకు ప్రధాన కారణం మురుగులోని సబ్బు, ఫాస్ఫేటు వంటివే. ఆ కాలువ సాగే లోయలోనే శుద్ధిచేసిన మురుగునీటిని 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. కోలారు పల్లెల్లో తెలుగు ఇంటిభాష అయిన రైతులెందరో ఉన్నారు. మామూలు శుద్ధి కేంద్రం ఉప్పుని తీయలేదు. ఒక్క తొట్టి ఉప్పు ఆ ప్రవాహంలో లెక్కకు రాని మాట నిజమే. కానీ తన తొట్టిలో పోగైనదాన్ని నాచుగా గీకి తీయగలిగినవాడు దాన్ని నెలనెలా కాలువలోకి పారబోయడానికి సమర్థన ఏముంది? నీళ్లు మార్చడం పూర్తిగా మానమనడం లేదు, పగడానికి కావలసిన సూక్ష్మ ఖనిజాలు తగ్గుతుంటాయి కనుక కొంత తప్పదు. చాలావరకు తగ్గించవచ్చు.

ఇంట్లో చేసినదంటే కరెంటు భయం న్యాయమైనదే. 2025 ఆగస్టులో నగర్తపేటలోనే ప్లాస్టిక్ సరుకు నిల్వ ఉన్న భవనంలో మంటలు అయిదుగురిని బలి తీసుకున్నాయి. ఇరుకు సందుల్లో నిప్పు ఎంత ప్రమాదమో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ఉప్పుతుంపర ఎల్‌ఈడీ అతుకుల్ని తినేస్తుంది. కాబట్టి దీపాలు పన్నెండు వోల్టులవే వాడాలి, వాటికీ నీటికీ మధ్య అక్రిలిక్ పలక ఉండాలి, అడాప్టరు తొట్టికి దూరంగా, ఎత్తులో ఉండాలి, ఆ ప్లగ్గుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, ఉండి తీరాలి. నీరు తగిలే చోట ఇత్తడి నిపుల్ గానీ రాగి తీగ గానీ వాడవద్దు, రాగి కొద్దిగా కరిగినా పగడాలు, రొయ్యలు చచ్చిపోతాయి. ఇవేవీ చేయలేనివాళ్లు స్క్రబ్బర్ జోలికి పోకపోవడమే మేలు.

అన్నిటికన్నా గట్టి ప్రశ్న, అసలు పగడాన్ని ఇంట్లో బంధించడమెందుకని. రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సీ ఫ్యాన్‌లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి సరసన ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం నేరం. ఆ జాబితాలోని వాటిని ఎవరు చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి, చట్టం అనుమతించే మెత్తటి రకాలైనా ఎక్కడివో కాగితం చూపించమని అడగండి. అలా న్యాయంగా తెచ్చుకున్న ప్రాణి కూడా మన చేతిలో రెండు నెలల్లో చచ్చిపోతే ఆ న్యాయానికి అర్థం లేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా మనవి ఒకటే. ముందు జాలీ వేలాడదీయండి, ఒకటి రెండు గట్టి చేపలతో తొట్టి నడపండి, వారం వారం గీకండి. జాలీ మీద పచ్చ నాచు క్రమం తప్పక పెరుగుతూ, రెండు నెలల పాటు నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షల్లో తక్కువగా నిలిచేదాకా పగడం కొనకండి.