పరువు భయము, పసిబిడ్డ ప్రాణము

"నలుగురికీ తెలిస్తే పరువేం కాను?" అన్న భయముతో హెచ్.ఐ.వి. పరీక్షకు వెళ్లనివాడు, తెలియకుండానే భార్యకు దానిని అంటించవచ్చును. ఆమె నుండి కడుపులోనో, కాన్పులోనో, చనుపాల వలననో బిడ్డకు సోకవచ్చును.

చికిత్స లేనిచో అట్టి తల్లుల 100 మంది బిడ్డలలో 15 నుండి 45 మందికి సోకుతుంది. సకాలములో మందులు వాడితే 5 కంటే తక్కువ మందికే. ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాలలో ఆ మందులు 2004 నుండి ఉచితము. పరీక్ష ఫలితము రహస్యముగా ఉంచవలెనని 2017 నాటి చట్టమున్నది.

ఊరు వెలివేసిన కుష్ఠరోగిని మన ప్రభువు ముట్టుకొన్నాడు. వైరస్ ఉన్నవారి ఇంట మంచినీళ్లు తాగినంత మాత్రాన అది మనకు అంటదు. గుసగుసలు మాని వారి గడపలో అడుగు పెడదాం. పెళ్లి కుదిరిన బిడ్డలకు, నెల తప్పిన కోడలికి నచ్చజెప్పి, పరీక్షకు తోడుగా వెళ్దాం.