దోషజ్ఞుడు



అమరకోశంలో పండితునికి చెప్పిన పర్యాయపదాలలో 'దోషజ్ఞుడు' అనేది ఒకటి. దోషాన్ని ఎరిగినవాడని అర్థం. ముప్పైయేళ్ళకు పైగా పిల్లల వ్యాసాలను ఎర్రసిరాతో దిద్దిన నాకు ఈ పదమంటే ఒకప్పుడు కొంత గర్వం ఉండేది. ఆ గర్వం ఒక ఛాయాచిత్రం దగ్గర భంగపడింది. ఆ ముచ్చట చెప్పి, దానివల్ల నేను నేర్చుకొన్న నాలుగు మాటలు మీ ముందుంచాలని ఈ టపా.

ఉద్యోగ విరమణ తరువాత మా అబ్బాయి కొనిపెట్టిన చిన్న కెమెరాతో ఫొటోలు తీయడం నాకు వ్యసనమైంది. మా ఊళ్ళో నాబోటి ఔత్సాహికులు ఏడెనిమిది మంది ఉన్నారు. నెలకొక ఆదివారం ఒకరింట చేరి, ఎవరి చిత్రాలు వారు ప్రింట్లు వేయించి తెచ్చి, బల్లమీద పరచి, ఒకరికొకరు అభిప్రాయాలు చెప్పుకొంటాం. వయసునూ, పూర్వవృత్తినీ గౌరవించి తొలిమాట నాకే వదిలేవారు.

ఒకనాడు ఒక యువకుడు తన నాయనమ్మ చిత్రం తెచ్చాడు. ఆమె గడపమీద కూర్చొని ఉంది. కెమెరా ఇంటిలోపల ఉన్నది. వెలుగంతా వీధిలో ఉన్నది. ముఖం పూర్తిగా చీకటి. వీధిలోని కరెంటు స్తంభం సరిగ్గా ఆమె నడినెత్తిన మొలిచినట్లుంది. "నాయనా, నాయనమ్మగారికి మసి పూసి, నెత్తిన స్తంభం పాతావు గదా!" అన్నాను. అందరూ నవ్వారు. అతడూ నవ్వి, చిత్రాన్ని సంచిలో పెట్టుకొన్నాడు. ఆ తరువాత మూడు నెలలు రాలేదు.

నేనే వెళ్ళి పలకరిస్తే అసలు సంగతి తెలిసింది. చిన్ననాడు సోకిన మశూచి మచ్చలు ఆమె ముఖాన మిగిలిపోయాయి. ఫొటో అంటే ఎన్నడూ ఒప్పుకొనేది కాదట. "ముఖం కనబడకుండా తీస్తాను నాయనమ్మా" అని మాట ఇచ్చి తీసిన చిత్రమది. వెలుగుకు ఎదురుగా నిలిచి, వంగిన ఆ వీపునూ, మోకాలిమీది చేతినీ రేఖామాత్రంగా పట్టాడు. నేను దోషమన్న ఆ చీకటి అతడు నిలుపుకొన్న మాట.

స్తంభం మాత్రం నిజమైన దోషమే. రెండడుగులు పక్కకు జరిగి తీసి ఉంటే తప్పిపోయేది. ఆ ఒక్కమాట ఆనాడు నెమ్మదిగా చెప్పి ఉంటే మరునాడే మళ్ళీ తీసుకొనేవాడు. నేను వెళ్ళేనాటికి రోడ్డు వెడల్పు చేయడంలో ఆ అరుగూ, గడపా పోయాయి. పద్యంలో యతిభంగమైతే పదేళ్ళ తరువాతనైనా కూర్చొని సవరించుకోవచ్చు. ఛాయాచిత్రానికి ఆ వెసులుబాటు లేదు. అందుచేత దాని గుణదోషాలు చెప్పేవాడి బాధ్యత ఎక్కువ.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం వ్రాసిన మల్లినాథసూరి నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడని ప్రసిద్ధి. మూలంలో లేనిది వ్రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకొన్నాడు. చిత్రం చూసేవాడికీ ఈ రెండు నియమాలు చాలు. "ఇక్కడొక పడవ ఉంటే ఎంత బాగుండేదో" అనడం మూలంలో లేనిది చెప్పడం. "నా కెమెరాతోనైతే ఇంకా స్పష్టంగా వచ్చేది" అనడం అవసరం లేనిది చెప్పడం. వీటికి ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: "దీనిలో నువ్వు చూపదలచినదేమిటి?" అది తెలియకుండా దోషనిర్ణయం చేయడం, ప్రశ్నపత్రం చూడకుండా జవాబుపత్రం దిద్దడం వంటిది.

ఇక దోషాలన్నీ ఒక జాతివి కావు. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ యౌవనంలో పియానో సాధన చేసినవాడు. ఆయన నెగటివును సంగీతకర్త వ్రాసిన స్వరాలతోనూ, ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు. నీటిగట్టు ఒక పక్కకు ఒరగడం, అంచున అక్కరలేనిదేదో చొరబడడం, చిత్రం కాస్త మసకగా ఉండడం కచేరీలో దొర్లిన తప్పులు. ఇంట్లో కూర్చొని దిద్దుకోవచ్చు. చేయి వణికి చెదరిన చిత్రం, పూర్తిగా తెల్లబారి వివరం పోయిన ఆకాశం స్వరాల్లోనే ఉన్న తప్పులు. వీటికి మరుసటి చిత్రమే మందు. మొదటివాటికి "ఇలా సవరించు" అనాలి. రెండవవాటికి "ఈసారి తీసేటప్పుడు ఇది చూసుకో" అనాలి. ఏ మార్గమూ చూపని దోషకథనం వినేవాడికి ఉపకరించదు.

అలాగని మెచ్చుకోలుతో సరిపెడితే? అదీ చూశాను. మా మిత్రుడొకాయన రెండేళ్ళపాటు గోపురాలు తీశాడు. అన్నీ వెనక్కు వాలినట్లుండేవి. "అద్భుతం" అని మేమంతా తలలూపాం. కెమెరాను పైకెత్తి పడితే నిలువు గీతలు పైన దగ్గరవుతాయనీ, దూరంగా జరిగి కెమెరాను నిటారుగా పడితే ఆ వాలు పోతుందనీ చివరకు ఎవరో చెప్పారు. "ఇన్నాళ్ళూ నన్ను మర్యాదతో మోసగించారు గదా!" అన్నాడాయన. మెప్పుకూ కారణం జోడించాలి. "బాగుంది" అంటే సంతోషిస్తాడు. "పక్కనుంచి పడిన ఉదయపుటెండ శిల్పాన్ని ఉబ్బెత్తుగా చూపింది" అంటే మరునాడు ఆ వేళకే వెళతాడు.

సరదాకు తీసుకొనేవారికి ఇంత విచారణ దేనికని అడిగేవారున్నారు. మనవరాలి పుట్టినరోజు ఫొటో చూపితే పాపను దీవించి ఊరుకోవాలి. అక్కడ విమర్శ అనౌచిత్యం. కానీ డబ్బు పెట్టి ప్రింటు వేయించి, పదిమంది ముందు పరచి, "ఎలా ఉంది?" అని అడిగినవాడికి మన శ్రద్ధ ఇవ్వడం ధర్మం.

ఆ యువకుడు మళ్ళీ వస్తున్నాడు. తొలిమాట ఇప్పుడు నాది కాదు. అందరికన్న చివర మాట్లాడుతున్నాను. మొన్న నేను మిట్టమధ్యాహ్నం తీసిన చెరువు చిత్రాన్ని చాలాసేపు చూసి, "మాస్టారూ, దీంట్లో మీరు చూపదలచినది ఏది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అతడు నవ్వలేదు.

దోషం కానిదేదో కూడా ఎరిగినప్పుడే దోషజ్ఞుడనే మాట సార్థకమవుతుందని ఈ వయసులో తెలిసింది.

స్వస్తి.