మామయ్యగారి స్కూటరూ, డెట్రాయిట్ నల్ల దెయ్యమూ

ఆగస్టు మూడో శనివారం వచ్చిందంటే మా ఊళ్ళో కార్ల తిరనాళ్ళ. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి పాంటియాక్ దాకా పోయే ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద ఆ రోజు పాతకాలం కార్లన్నీ బారులు తీరతాయి. 1995 నుంచీ జరుగుతోంది. మేముండే ట్రాయ్‌కి పక్కనే కాబట్టి ఏటా మడత కుర్చీలు, పులిహోర డబ్బా, మజ్జిగ సీసా పట్టుకుని వెళ్ళి రోడ్డు పక్కన కూర్చుంటాం. మా ఆయనకి అది పండగ. నాకు ఎండలో రెండు గంటల కబుర్లు.

ఈసారి ఒక నల్ల ఛాలెంజర్ మా ముందు నుంచి గుడగుడమంటూ వెళ్ళింది. మా ఆయన నిట్టూర్చి, 2023 నుంచీ అంటున్న మాటే మళ్ళీ అన్నారు. "ఎన్ని చెప్పు, ఆ కొడుకు వాళ్ళ నాన్న కారు అమ్మకుండా ఉండాల్సింది."

మూడు ముక్కల్లో చెప్తే మీకూ తెలుస్తుంది. గాడ్‌ఫ్రే క్వాల్స్ అని డెట్రాయిట్‌లో ఒక పోలీసాయన ఉండేవారు. అంతకుముందు సైన్యంలో పారాట్రూపర్‌గా చేశారు. ఆయన 1970 మోడల్ డాడ్జ్ ఛాలెంజర్ ఒకటి ఆర్డరిచ్చి చేయించుకున్నారు. ఒళ్ళంతా నలుపు, పైకప్పు మీద మొసలి చర్మంలా కనిపించే వినైల్, తోక దగ్గర ఒక తెల్ల చార. లోపల 426 హెమీ ఇంజను. అంటే 7 లీటర్లది, కంపెనీ లెక్కలో 425 హార్స్‌పవర్. ఇలాంటివాటినే మజిల్ కార్లంటారు. మామూలు సైజు కారులో భీముడి గుండెకాయ పెట్టినట్టు.

పగలు పోలీసు డ్యూటీ. కొన్ని రాత్రులు మాత్రం ఈ కారు ఉడ్‌వర్డ్ మీదా, చుట్టుపక్కల రోడ్ల మీదా ప్రత్యక్షమయ్యేది. పక్కన నిలబడ్డవాడితో పందెం వేసుకోవడం, గెలవడం, మాయమైపోవడం. మళ్ళీ వారాల తరబడి కనిపించేది కాదు. నడిపేది ఎవరో ఎవరికీ తెలియదు. అందుకే కుర్రకారు దానికి "బ్లాక్ ఘోస్ట్" అని పేరు పెట్టారు. నల్ల దెయ్యం అన్నమాట. డెబ్భైల మధ్యకల్లా పందేలు మానేసి కారుని ఇంటి గరాజ్‌లో పెట్టేశారు. అది అక్కడే దశాబ్దాలు ఉండిపోయింది. 2015లో చనిపోయే ముందు కారు కాగితాలు కొడుకు గ్రెగరీ చేతిలో పెట్టారు. నాన్న కారుకి ఊళ్ళో ఇంత పేరుందని కొడుక్కే చాలా ఆలస్యంగా తెలిసిందట. ఆయన దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాడు. 2020లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లోకి ఎక్కింది. 2023 మేలో ఇండియానాపొలిస్ వేలంలో, కమిషన్‌తో కలిపి 10,72,500 డాలర్లకి అమ్ముడుపోయింది. మన లెక్కలో అప్పట్లో దాదాపు 9 కోట్లు.

ఆ రాత్రి మా ఇంట్లో చపాతీలు చల్లారిపోయాయి. "డబ్బు కోసం నాన్నని అమ్ముకున్నట్టే కదా" అన్నారు మా ఆయన. నేను అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు అంటాను.

ముందుగా నా కడుపులో ఉన్న బెంగ ఒకటి చెప్పాలి. మా అబ్బాయికి పదహారు. చేతిలో లైసెన్సు వచ్చి ఆరు నెలలు కాలేదు. రాత్రి పదిన్నర దాటితే గరాజ్ తలుపు చప్పుడు వినేదాకా నాకు నిద్ర పట్టదు. అలాంటి నాకు "రోడ్డు మీద పందేలు వేసిన కారు" అనగానే ముందు ఇంజను గుర్తుకు రాదు. హైదరాబాదులో అర్ధరాత్రి నెక్లెస్ రోడ్డు మీద బైకు పందేలు వేసి పట్టుబడ్డ పిల్లల్నీ, స్టేషన్లో కౌన్సెలింగ్ కోసం తలవంచుకుని కూర్చున్న అమ్మానాన్నల్నీ టీవీలో చూసినవాళ్ళం మనం. అదే పని యాభై ఏళ్ళు గడిస్తే చరిత్ర అయిపోతుంది! పైగా చట్టాన్ని కాపాడాల్సిన మనిషే చేస్తే మరీ గొప్ప కథ. ఆ రాత్రుల్లో ఏ ఒక్కసారి పక్క సందులోంచి సైకిలు మీద ఒక పిల్లాడు అడ్డొచ్చి ఉన్నా ఆ కారు రిజిస్టర్‌లోకి కాదు, తుక్కు కొట్టులోకి పోయేది. అదృష్టం కథగా మిగిలింది, అంతే.

ఈ మాట మా ఆయనతో అంటే, "నువ్వు ప్రతిదాంట్లో యాక్సిడెంటే చూస్తావు" అన్నారు. చూస్తాను మరి. చూడాల్సింది ఎవరో ఒకరు ఉండాలి కదా ఇంట్లో.

అలాగని ఆయన మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే ఆ కథలో నన్ను పట్టేసింది పందేలు కాదు, మానేయడం. ఒకరోజు ఆపి, తాళం వేసి, ఇక దాని గురించి ఊరంతా చెప్పుకుంటున్నా నోరు మెదపకుండా నలభై ఏళ్ళు బతకడం. ఆ కాలం కూడా అలాగే మారింది. ఇన్సూరెన్సు వాళ్ళు ఇలాంటి కార్లకి ప్రీమియం పెంచేశారు, పొగ మీద నిబంధనలొచ్చాయి, 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చింది. మజిల్ కార్ల జాతర ముగిసిపోయింది. చాలామంది వాటిని అగ్గువకి అమ్మేసుకున్నారు. ఈయన అమ్మలేదు. ఆ ఉంచుకోవడం ఆయన ఇష్టం. ఆయన కారు, ఆయన గరాజ్, ఆయన చేతులు.

ఇక్కడే నా వాదన. ఉంచుకోవాలన్న ఇష్టం వారసత్వంగా రాదు. కాగితాలు వస్తాయి, కారు వస్తుంది, దానితో పాటు చాకిరీ కూడా వస్తుంది.

వాడకుండా పెట్టిన కారు అలాగే ఉండిపోదు. ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. రబ్బరు గొట్టాలు బీటలు తీస్తాయి. ఎలుకలు సీట్లలో గూళ్ళు పెట్టి వైర్లు కొరుకుతాయి. మిషిగన్ చలికి, తేమకి ఇనుము తుప్పు పడుతుంది. మన బీరువాలో పట్టుచీర సంగతి మనకి తెలియదా? ఆరు నెలలకోసారి తీసి, నీడన ఆరబెట్టి, మడత మార్చి పెట్టకపోతే జరీ మడత దగ్గరే పుటుక్కుమంటుంది. పెళ్ళినాటి చీర దాచుకున్నానని చెప్పేది అందరూ. మడత మార్చేది ఒక్కరు.

పైగా ఒక వస్తువు కోటి రూపాయలు దాటాక అది మన ఇంట్లో ఉన్నట్టు కాదు, మనమే దాని ఇంట్లో ఉన్నట్టు. దానికి తగ్గ ఇన్సూరెన్సు, తగ్గ తాళం, తగ్గ భయం. పాలకోసం దాన్ని వేసుకుని వెళ్ళలేం. పిల్లాడు బాస్కెట్ బాల్ ఆడితే బంతి ఎటు పోతుందోనని చూసుకోవాలి. ఊరెళ్ళినప్పుడు ఇల్లు కాదు, అదే గుర్తొస్తుంది. గ్రెగరీ ఎందుకు అమ్మాడన్నది ఆయన ఇంటి లెక్క, అది నేను వేయను. కానీ అంత ధర పలికే వస్తువు గరాజ్‌లో ఉండగా, పిల్లల చదువుల గురించీ ఇంటి అప్పుల గురించీ ఆలోచించని సంసారి ఉంటాడా చెప్పండి.

ఇలాంటిదే ఇంకో కారు ఉంది. 1968లో వచ్చిన "బులిట్" సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ముస్టాంగ్. రోడ్డు మీద కార్ల ఛేజింగ్ అంటే ఇప్పటికీ దాన్నే చెప్తారు. 1974లో రాబర్ట్ కీర్నన్ అనే ఆయన పత్రికలో ప్రకటన చూసి 6,000 డాలర్లకి కొన్నారు. 1977లో మెక్వీనే ఉత్తరం రాసి తిరిగి కొనుక్కుంటానన్నా ఇవ్వలేదు. మగవాళ్ళు ఈ కథ చెప్పినప్పుడు ఆ ఉత్తరం దగ్గర ఆగుతారు. నేను ఆగింది ఇంకోచోట. ఆ కారుని రోజూ నడిపింది ఆయన భార్య. ఆవిడ టీచరు. సినిమాలో మెక్వీన్ నడిపిన కారులో ఆవిడ స్కూలుకి వెళ్ళొచ్చేవారు! 1980లో క్లచ్ పోయాక అది మూలన పడింది. ఆయన పోయాక కుటుంబం 2020 జనవరిలో వేలం వేస్తే అన్నీ కలిపి 37,40,000 డాలర్లు వచ్చాయి. నన్నడిగితే ఆ కారు బతికిన కాలం ఆవిడ స్కూలుకి నడిపిన ఆ కొన్నేళ్ళే. ఆ తరవాతది భద్రపరచడం.

"అమ్మేస్తే జ్ఞాపకం పోతుంది కదా" అంటారు మా ఆయన. ఎక్కడికి పోతుంది? ఆ చారిత్రక రిజిస్టర్‌లో చేరిన వాహనాల ఫొటోలూ, కొలతలూ, కథా అన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాస్తారు. డాడ్జ్ కంపెనీ అయితే 2023లో ఛాలెంజర్ తయారీ ఆపేసే ముందు ఆ పేరుతోనే, ఆ తెల్ల చారతోనే 300 కొత్త కార్లు చేసింది. ఒక పోలీసాయన ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ముచ్చట దేశమంతా తెలిసింది. కొన్నవాడికి వెళ్ళింది ఇనుమూ ఇంజనూ. గాడ్‌ఫ్రే కొడుకుగా పుట్టడం మాత్రం వేలంలో లేదు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మరి నువ్వు మీ అమ్మ కాఫీ ఫిల్టరు అమ్ముతావా అని. అమ్మను. ప్రాణం పోయినా అమ్మను. కానీ ఆ ఇత్తడి ఫిల్టరు నా వంటింట్లో ఉంది. రోజూ పొద్దున్నే దాని చిల్లులు కడిగేది నేను. మా తమ్ముడు బెంగళూరు నుంచి ఫోను చేసి "అక్కా, అది జాగ్రత్త, ఎవరికీ ఇవ్వకు" అన్నాడనుకోండి, నాలుగు దులుపుతాను.

సరిగ్గా ఇదే మా ఇంట్లో జరుగుతోంది, అటునుంచి ఇటు.

మా మామయ్యగారిది బజాజ్ చేతక్ స్కూటరు ఒకటి తెనాలి ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో డబ్బు కట్టి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్నారట. మా ఆయన దాని ముందు నిలబడి బడికి వెళ్ళారు. బావగారు దాని వెనక కూర్చుని పరీక్షలకి వెళ్ళారు. మామయ్యగారు పోయి తొమ్మిదేళ్ళు. స్కూటరు అప్పటినుంచీ హాల్లోంచి వరండాకీ, వరండాలోంచి హాల్లోకీ తిరుగుతోంది. అమ్ముదామని బావగారు ఎప్పుడెత్తినా మా ఆయన ఇక్కడినుంచి గొంతు గద్గదం చేసుకుంటారు. అంతే, మాట ఆగిపోతుంది.

మొన్న నల్ల ఛాలెంజర్ చూసొచ్చిన రాత్రి నేను మా తోడికోడలికి ఫోను చేశాను. ఊరికే ఈ దెయ్యం కారు కథ చెప్పాను. విని కాసేపు ఆగి అంది.

"కథ బావుందే. మీ మరిది రెండేళ్ళకోసారి వచ్చి దాని సీటు తడుముకుని కళ్ళు తుడుచుకుంటాడు, నాకూ బాధేస్తుంది. కానీ మిగతా రోజులన్నీ దాని చుట్టూ తడిగుడ్డ పెట్టేది నేనే కదా. వానొస్తే లోపలికి తోసేదీ నేనే. మోకాళ్ళు పట్టేశాయని చెప్తే ఎవరూ వినరు, నాన్నగారి బండి అంటే మాత్రం అందరూ వింటారు."

ఇన్నేళ్ళలో అక్క ఈ మాట అనడం మొదటిసారి. అడిగిందీ నేను మొదటిసారే. ఆ సంగతి తలుచుకుంటే నాకే సిగ్గేసింది. మాయన బాధ నాకు తెలుసు కాబట్టి నేనూ ఆయన వైపే ఉండిపోయాను. వానలో ఆ బరువు ఎవరు తోస్తున్నారో అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఫోను స్పీకర్లో ఉందని అక్కకి చెప్పలేదు. తప్పే. మా ఆయన పక్క గదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. ఏమీ అనకుండా వెళ్ళి అంట్లు తోమారు. మామూలుగా ఆయన తోమే రోజు కాదు అది.

వారం తరవాత ఆయనే బావగారికి ఫోను చేసి అమ్మేయమన్నారు. చెంచుపేటలో ఒక కుర్రాడు పాత చేతక్‌లు బాగు చేసుకుని నడుపుకుంటాడట, అతనికే ఇవ్వమన్నారు. వచ్చిన డబ్బు అక్క మోకాళ్ళ వైద్యానికి వాడమన్నారు. స్టెప్నీ టైరు మీద అత్తయ్యగారు కుట్టిన రెక్సిన్ కవరు ఒక్కటి ఉంచమన్నారు. ఈ గురువారం అక్క ఫోను చేసింది. కవరు తీసిందట. "ఎక్కడ పెట్టమంటాడో మరిదిని కనుక్కుని చెప్పవే" అంది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.