గిడ్డంగిలో గానము

విశాఖపట్టణమున గిడ్డంగులకు కొదువలేదు. 1933లో రేవు తెరవబడిననాటినుండియు సరకుకొట్లు పెరుగుచునే యున్నవి. అట్టి కొట్టొకదానిలో రాత్రివేళ డీప్ హౌస్ అను యంత్రసంగీతము జరుగునన్నచో, పాశ్చాత్యుల ఎంగిలి యని మన మిత్రులు కొందరు ముక్కుపై వ్రేలిడుదురు. ఇది విచారణకు పూర్వమే వ్రాసియుంచిన తీర్పు.

ఇటీవల నట్టి గోష్ఠి నొకదానిని ఆద్యంతము వింటిమి. గాయకుడు లేడు, వాద్యబృందము లేదు. డి.జె. యనబడు యువకుడొకడు రెండు యంత్రములపై రెండు పాటలను నడపుచు, ఒకదాని లయను రెండవదానితో సరిపఱచి, అతుకు తెలియకుండ మొదటిదానిని జాఱవిడుచుచుండెను. నిమిషమునకు సుమారు 120 తాళపు దెబ్బలు. వానిపై మంద్రమున నొక చిన్న స్వరమాల మెల్లమెల్లగా విప్పారును. సభవారి ముఖములు చూచి తరువాతి పాట నేఱుకొనవలయును. మన కచేరీ విద్వాంసుడు చేయునదియు నింతేకదా! గంట గడచునప్పటికి మా కాలు మాకు తెలియకయే తాళము వేయుచుండెను.

ఇంతకు దీనిని పెంచినదెవరు? అమెరికాలోని షికాగో నగరమున 1977లో, పూర్వమొక కర్మాగారమైన కట్టడమున, ‘వేర్‌హౌస్’ అను నాట్యశాల వెలసెను. అచ్చట ఫ్రాంకీ నకల్స్ అను నల్లజాతి కళావంతుడు వాయించెను. గుమిగూడినవారు నల్లవారు, సంఘము వెలివేసిన స్వలింగప్రేమికులు. హౌస్ అను పేరే ఆ గిడ్డంగినుండి వచ్చినదందురు. ఇది దొరల విందుసంగీతము కాదు.

స్వదేశీ మాట యెత్తువారికి మఱియొక సాక్ష్యము. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ 1982లోనే పది రాగములను యంత్రవాద్యములపై డిస్కో లయతో పలికించి రికార్డు చేసెను. నాడు కొన్నవారు స్వల్పము; 2010లో విదేశీయులు మరల వెలువరించిన పిమ్మట లోకము విస్తుపోయెను. పరులు మెచ్చినగాని మన సొత్తును మనము మెచ్చమా? ఫిడేలు మాత్రము మన తాతలు చేసినదా? విజయనగరమున ద్వారం వేంకటస్వామినాయుడుగారు చేపట్టగా నది మనదయ్యెను.

అయితే గోష్ఠులు నడపువారితోను తగవున్నది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలచే రాత్రి పదిగంటలు మొదలు ఉదయము ఆఱుగంటలవఱకు ఆరుబయట లౌడుస్పీకరు సామాన్యముగా నిషిద్ధము. మూసిన కొట్టులోనైనను ప్రక్కయింటి రోగి నిద్రను మన్నింపవలయును. ప్రాణరక్షణ యంతకంటె ముఖ్యము. అమెరికాలోని ఓక్లండున 2016 డిసెంబరులో నిట్టి గిడ్డంగి గోష్ఠియందే యగ్నిప్రమాదమున 36 మంది మరణించిరి. మేము పోయిన కొట్టునకు తలుపొక్కటే. అదియు సగము మూసియుండెను. నగరపాలక సంస్థవారు గిడ్డంగులను పరీక్షించి, తగినవానికి బహిరంగముగా అనుమతి నియ్యవలయును. వలదన్నంతమాత్రమున గోష్ఠులాగవు, ఎవరును పరీక్షింపని సందులకు పోవును.

రెండవ తలుపు తెఱచిననాడు మేము మరల పోయి విందుము. ముక్కుపై వ్రేలిడిన మిత్రులనుగూడ వెంటబెట్టుకొని పోయెదము.