గ్లూటెన్ లేదట, కులం మాత్రం ఉంది

ఆ రాత్రి పాతబస్తీలో, లాల్‌దర్వాజ దగ్గర ఒక గదిలో కూర్చుని మేం సంఘం లెక్కలు రాసుకుంటున్నాం. హోటళ్ల తిండి బండి మీద మోసే మా బస్తీ పిల్లగాడు పని దిగి వచ్చి, ఫోన్‌లో ఒక బిల్లు చూపించాడు. మూసీ అవతల, పెద్దోళ్ల బంగళాల దగ్గరున్న జపాన్ హోటల్ బిల్లు అది. వస్తువు పేరు పక్కన ‘వీగన్, గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంది. ‘‘అన్నా, గ్లూటెన్ అంటే ఏంది? అది లేకుంటే గంత రేటెందుకు?’’ అని అడిగాడు. రోజంతా తిరిగి వాడు సంపాదించింది ఆ ఒక్క పళ్లేనికి చాలదు.

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాం.

గ్లూటెన్ అంటే గోధుమ పిండిలో ఉండే జిగురు. కొందరికి అది పేగులను దెబ్బతీస్తుంది. అది నిజమైన జబ్బు. వాళ్లతో మాకు పేచీ లేదు. వీగన్ అంటే మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, నెయ్యి, తేనె కూడా ముట్టనివాడు. జపాన్ వంటలో ఈ రెండూ కుదరడం కష్టమే. వాళ్ల సోయా సాస్‌లో గోధుమ కలుస్తుంది. వాళ్ల చారుకు ఎండుచేప మరిగించిన నీళ్లే మూలం. అందుకని అన్నీ విడిగా తెప్పించి విడిగా వండాలి. రేటు అక్కడ పెరుగుతుంది.

సరే. మరి గ్లూటెన్ లేని తిండి ఈ నేల మీద లేదా? జొన్నలో గ్లూటెన్ లేదు. సజ్జలో లేదు. కొర్రలో లేదు. మా అవ్వలు గట్క పోసింది, అంబలి కాచింది, రొట్టె కొట్టింది వీటితోనే. అప్పుడు వాటిని ‘మాలమాదిగల కూడు’ అన్నారు. దొర ఇంట్లో సన్నబియ్యం ఉడికితే, పాలేరుకు దొరికింది జొన్న గట్క. బడిలో రొట్టె మూట విప్పడానికి మా పిల్లలు సిగ్గుపడ్డారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కడుపు నింపింది, కాదనం. కానీ జొన్న చేను తగ్గింది. ఇప్పుడు 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరుపుకుంది. ఢిల్లీ సర్కారు ఆ గింజలకు ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టింది. మా గింజకు శ్రీ తగిలించారు. మరి ఆ గింజ పండించిన ఆడవాళ్లకు ఎవరు ‘శ్రీమతి’ తగిలించారు? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల్లోనే పడావు భూములు దున్ని జొన్నలు పండించి, తమ ఊళ్లలో రేషన్‌లాగా పంచుకున్నారు. అప్పుడు ఏ స్టార్ హోటలూ వాళ్లను పిలవలేదు.

జపాన్‌లోనూ జరిగింది ఇదే. వరి పండించిన రైతు ఆ వరిని ప్రభువుకు పన్నుగా కొలిచి, తాను కొర్ర, వరిగ, ఊదలాంటివి తిన్నాడు. ఆ గింజలే ఇవాళ అక్కడ ఆరోగ్యం పేరుతో అమ్ముడుపోతున్నాయి. పేదోడి కూడు పెద్దోడి పళ్లెంలోకి ఎక్కితే ఆరోగ్యం, పేదోడి దగ్గరుంటే హీనం. దేశం మారినా కథ మారలేదు.

ఇక మాంసం సంగతి. జపాన్ తిండిని ‘స్వచ్ఛమైన తిండి’ అని మురిసేవాళ్లు ఒక మాట వినాలి. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాన్ని ఏడాదిలో కొన్ని నెలలపాటు నిషేధించాడు. తర్వాత శతాబ్దాలలో చచ్చిన పశువును ఎత్తినవాళ్లను, తోలు తీసినవాళ్లను ఊరికి దూరం పెట్టారు. ‘ఎతా’ అన్నారు. రాసే అక్షరాల్లోనే ‘బాగా మురికి’ అనే అర్థం. చెప్పులు కావాలి, డప్పు తోలు కావాలి, ఆ పని చేసినోడు వద్దు. 1871లో చట్టం ఆ పేరు తీసేసింది. ఆ మరుసటి ఏడాది చక్రవర్తే బీఫ్ తిన్నాడు, అది నాగరికత అయ్యింది. మరి తోలు తీసినవాళ్లో? బురాకు ప్రజలుగా వెలిలోనే మిగిలారు. 1922 మార్చి 3న క్యోటోలో సుయిహేషా అనే సంఘం పెట్టుకుని లేచి నిలబడ్డారు. అయినా వాళ్ల వాడల పేర్లు అచ్చువేసి కంపెనీలకు అమ్మిన సంగతి 1975లో బయటపడింది, ఉద్యోగాలివ్వకుండా ఉండేందుకు! వాళ్ల వాడల్లో ఎండబెట్టిన మాంసం ఉంది, కొవ్వు కరిగేదాకా వేయించిన పేగులు ఉన్నాయి. మా ఎండు తునకలు, మా బోటి చూసినట్టే ఉంటుంది. ఆ వంటలు మాత్రం ఆ హోటల్ బిల్లు మీద కనబడలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1948లో అంబేద్కర్ అంటరానితనం పుట్టుకకు గొడ్డుమాంసం తినడాన్ని మూలంగా చూపించాడు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండుగ చేస్తే దాడి జరిగింది. 2015 డిసెంబర్ 10న మళ్లీ తలపెడితే పోలీసులు అడ్డుకున్నారు. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న మాదిగలను కట్టి కొట్టారు. ఆవును వాళ్లు చంపలేదు. అయినా కొట్టారు.

‘ఇదంతా మాంసం మీద జీవకారుణ్యం’ అనేవాళ్లకు మా పాతబస్తీ సంగతి చెప్తాం. 2019 అక్టోబర్‌లో అలియాబాద్‌లో ఒకాయన చికెన్-65 తెప్పించుకుని, తెచ్చిన కుర్రాడు ముస్లిం అని తిప్పి పంపాడు. సంగతి షాలిబండ పోలీస్ స్టేషన్ దాకా పోయింది. కోడిని తినొచ్చునట, ఆ చేతిది వద్దట! 2024 మార్చిలో జొమాటో కంపెనీ శుద్ధ శాకాహారానికి పచ్చ చొక్కాల కుర్రాళ్లను విడిగా పెడతానంది. గొడవై మరునాడే ఆ చొక్కా వెనక్కి తీసుకుంది. చొక్కా రంగు చూసి ఏ కాలనీ గేటు ఎవరికి మూసేదో ఆలోచించండి.

ఆకులు తినేవాళ్ల మీద మాకు కోపం లేదు. మహాడ్‌లో 1927లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు. ఈ హైదరాబాద్‌లోనే భాగ్యరెడ్డి వర్మ జంతుబలులు వద్దన్నాడు. అది మనం మన గౌరవం కోసం తీసుకున్న నిర్ణయం. ఒకడి కులం చెప్పిందని మానడం వేరు.

నిజమైన వీగన్‌ను మేం ఒకటి అడుగుతాం. నువ్వు పాలు కూడా మానావు, మంచిదే. మరి నీ పక్కింటి ‘శుద్ధ శాకాహారి’ పాలు, పెరుగు, నెయ్యి లోటాల కొద్దీ తాగుతాడే, ఆ బర్రె ఎండిపోయాక ఎక్కడికి పోతుందో ఎప్పుడన్నా అడిగావా? దాన్ని కోసేవాడు, తినేవాడు, తోలు తీసేవాడు ఉంటేనే పాడి రైతుకు మళ్లీ బర్రె కొనే డబ్బు. పాలు వాళ్లకు పవిత్రం, బర్రె మాకు పాపమా? నీ వాదన ముందు ఆ నెయ్యి గిన్నె దగ్గర పెట్టు. మా పళ్లెం దగ్గరికి తర్వాత రా.

పాతబస్తీలో కళ్యాణి బిర్యానీ బండి దగ్గర నిలబడితే పక్కవాడి కులం ఎవడూ అడగడు. బర్రె మాంసం, తక్కువ ధర, కడుపునిండా. ఇక్కడా మచ్చ లేదని అనం. ‘ఛోటేకా’ తినే ఇల్లు ‘బడేకా’ తినే ఇంటిని చిన్నచూపు చూస్తుంది. కోసే ఖురేషీని పెళ్లి సంబంధానికి దూరం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ మాట కూడా అక్కడే కూర్చుని మాట్లాడుకోవాలి.

మరి మనం చేయాల్సిందేంటి? రేషన్ షాపులో జొన్నలు, సజ్జలు అడగండి, వాటిని పండించే మన ఆడవాళ్ల దగ్గరే కొనమనండి. హాస్టల్లో, అంగన్‌వాడీలో గుడ్డు తగ్గితే ఊరుకోవద్దు. ‘వెజ్ వాళ్లకే ఇల్లు అద్దెకు’ అనే బోర్డు కనబడితే అది కులం బోర్డని నలుగురికీ చెప్పండి. సంఘం భోజనాల్లో తునకల కూర పెట్టడానికి జంకొద్దు, తిననివాడికి పప్పు వడ్డించడం మరవొద్దు.

మా పిల్లగాడు అంతా విని, ‘‘అంటే మా అవ్వ రొట్టె గ్లూటెన్ ఫ్రీయే గదా!’’ అన్నాడు. అవునురా. రేపు నీ టిఫిన్ డబ్బా అందరి ముందే విప్పు.