నింద పులుపు మీద, దొంగ వేరే చోట

కొంచెం పెద్దగా రాస్తున్నాము, ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదివి, రైల్వేలో గుమాస్తాగా రిటైర్ అయినవాళ్ళం. తెలుగులో తప్పులుంటే దిద్దుకోండి, విషయాన్ని మాత్రం వదలకండి.

వారం నుంచి మన గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. మంచు దేశంలో ఒక దొర, నానబెట్టిన కోళ్ల మేత బకెట్లో గడ్డ కట్టిందని చూపించి, చలికాలంలో పులిసిన మేత పెట్టొద్దంటాడు. దాని కింద మనవాళ్ళు "పులుపు చలువ, కోళ్లకు జలుబు చేస్తుంది, వెంటనే ఆపండి" అని రాశారు. ఇద్దరు ముగ్గురు ఆపేశారు కూడా.

అక్కడి కష్టం పులుపు కాదండీ, మంచు. తొట్టిలో మేత రాయి అయితే కోడి పొడవలేదు, అంతే. బెంగళూరులో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో! నీళ్ళు గడ్డ కట్టాలంటే సున్నాకు దిగాలి. మన జనవరి తెల్లవారుజాము మామూలుగా 15 దగ్గర ఉంటుంది. ఆ చలికి దోసెపిండి పొంగడం ఆలస్యమైనట్టే మేత పులవడమూ ఆలస్యమవుతుంది. వేసవిలో రెండు రోజులు పడితే ఇప్పుడు మూడు నాలుగు. బకెట్ వంటింట్లో ఒక మూల పెట్టి, పాత పులిసిన నీళ్ళు ఒక గరిటె తోడు వేయండి. తోడు పెట్టడం తెలియని తెలుగిల్లు ఉందా?

చలువ అంటారు. కోడి ఒంటి వేడే దాదాపు 41 డిగ్రీలు. దాని మెడ కింద మేత నిలిచే సంచిలో ఈ పులియబెట్టే సూక్ష్మజీవులే కాపురం ఉంటాయి. పులుపు ఎక్కిన చోట సాల్మొనెల్లా లాంటివి నిలవడం కష్టం. తవుడులో బిగుసుకున్న భాస్వరం కూడా పులిస్తే కోడికి బాగా అందుతుంది. మన అమ్మమ్మల తరవాణి, మేము పెరిగిన వైపు పళయ సోరు, అన్నీ ఈ వరసే. వాటిని తాగి పొలం పనికి పోయినవాళ్ళ మనవలం మనం.

భయపడవలసింది బూజుకు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి, మేతలోని వేరుశనగ పిండిలో బూజు విషం. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన ఊళ్ళలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మంది దాకా మనుషులే పోయారు. చవకగా వచ్చాయని బూజు నూకలు కొని పులియబెడితే ఆ విషం శుద్ధి అవుతుందనుకోవద్దు. గింజ నీళ్ళలో మునిగి ఉండాలి, మజ్జిగ వాసన రావాలి. కుళ్ళు వాసనో, పైన నూగో కనిపిస్తే పారబోయండి.

ఇక అసలు కోపం. పోయిన నెల ఒక సభ్యురాలు జబ్బు కోళ్ల ఫోటో పెట్టింది. ఆకుపచ్చ విరేచనం, మెలి తిరిగిన మెడ. ఊళ్ళో అయితే ముసలమ్మలే కొక్కెర తెగులేమో అని అనుమానించేవాళ్ళు, అదే రాణిఖేత్. మన పండితులు చెప్పింది ఏమిటి? పులిసిన మేత మానెయ్యి, యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలుపు! రాణిఖేత్ వైరస్ అండీ, యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడకూడదని 2019లో కేంద్రమే నిషేధించింది, మనుషులకు చివరి అస్త్రంగా మిగలాలని. ఆమె కోళ్లు ఒక్కటీ మిగలలేదు. పక్కింటి కోళ్లకు టీకా వెయ్యమని ఒక్కరూ అనలేదు.

టీకా ఎందుకు వేయించరో మాకు తెలుసు. సీసా వందల కోళ్ల లెక్కన వస్తుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లున్న ఇల్లు ఏం చేస్తుంది? ఇలాంటి పనికే కదా సంఘం. సంక్రాంతికి షామియానా, మైకుసెట్ పెట్టగలిగిన మనం ఐసు డబ్బాలో ఒక సీసా తెప్పించలేమా? పిల్లలకు మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి సూది. గిరిరాజ కోడిని పుట్టించిన వెటర్నరీ కాలేజీ మన హెబ్బాళలోనే ఉంది, దొరను అడగడం దేనికి?

కార్యదర్శి గారూ, వచ్చే మీటింగులో దీన్ని మొదటి అంశంగా పెట్టండి. కోళ్లున్నవాళ్ళు ఎన్ని పెద్దవో, ఎన్ని పిల్లలో ఇక్కడే కింద రాయండి. లెక్క రాసుకునే పని మేము చూసుకుంటాము.